అన్సెల్మో కాటా

ఇరవై మూడు కిలోలు.
యాభై మూడేళ్ల మనిషి ఎంత బరువుతో దేశం దాటాలో
టికెట్టు మీద చీమతలకాయంత అక్షరాల్లో రాసి ఉంది.

మా ఇంట్లో కాటా లేదు.
వాల్పరైసో కొండ దిగువన, మెట్ల మలుపులో
చేపలమ్మే అన్సెల్మో దగ్గర
స్ప్రింగు కాటా అరువు తెచ్చాను.
కొక్కేనికి రెండు పొలుసులు అంటుకుని ఉన్నాయి.
"మంగళవారంలోపు ఇచ్చెయ్, ఇస్మేనియా" అన్నాడు.
నా ప్రయాణం బుధవారం.

ఒక్కొక్కటీ దుప్పట్లో మూటకట్టి తగిలించాను.
ఇస్త్రీపెట్టె కిలో ఆరు వందలు. వద్దు.
అక్క జూలేమా అల్లిన స్వెట్టరు తొమ్మిది వందలు.
బెర్గెన్‌లో ఏడాదంతా వానేనట, సరే, ఉండనీ.
తెరచాపలు కుట్టే సూదులు, అరచేతికి తొడిగే తోలుపట్టీ
తూచకుండానే పెట్టేశాను.
వాటిని చూసే కదా అక్కడి పడవలవాళ్లు నన్ను రమ్మన్నది.
పన్నెండు కప్పుల పింగాణీ సెట్టు
పెళ్లినాటిది, పెళ్లికన్నా ఎక్కువకాలం నిలిచింది.
అన్ని కప్పులకీ సరిపడా మనుషులు
ఒక్క సాయంత్రమూ రాలేదు మా ఇంటికి.

తాళంచెవులు పద్నాలుగు.
ఏ తాళానివో తెలియదు.
మూడు వందల నలభై గ్రాములు.
పారేద్దామని కిటికీ దాకా వెళ్లాను,
ఎక్కడో ఏ తలుపో నా మూలంగా తెరుచుకోకుండా ఉంటుందేమోనని
వెనక్కి వచ్చాను.
మళ్లీ వెళ్లాను. మళ్లీ వచ్చాను.
జూలేమా చూసి చూసి, గుత్తి లాక్కుని
తన సంచిలో వేసుకుంది. ఒక్క మాట అనలేదు.

మిగిలినవన్నీ వీధిమెట్ల మీద పేర్చి
అట్టముక్క ఆనించాను:
కావలసినవాళ్లు తీసుకోండి.
తెల్లారి చూస్తే ఒక్కటీ కదల్లేదు.
పైగా ఎవరో ఊచలు విరిగిన గొడుగు తెచ్చి చేర్చారు.
మర్నాటికి ఒక పిట్టల పంజరం, ఒంటి బూటు.
నా ఇల్లు ఖాళీ అవుతుంటే
మెట్లు కాపురం పెడుతున్నాయి.
ఐదోరోజు లేచి చూసేసరికి అన్నీ మాయం,
అట్టముక్కతో సహా.
అట్టముక్క ఎవరికి పనికొచ్చిందా అని
ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తాను.

చివర్న పెట్టెనంతా కొక్కేనికి తగిలించి
జూలేమా ఒక పక్క, నేనొక పక్క, ఊపిరి బిగబట్టి ఎత్తాం.
ఇరవై రెండు కిలోల తొమ్మిది వందలు.
మూడుసార్లు ఎత్తాం. మూడుసార్లూ అంతే.

విమానాశ్రయంలో ఎర్ర అంకెలు ఇరవై నాలుగన్నాయి.

"ఏదైనా తీసెయ్యండమ్మా" అంది కౌంటరు పిల్ల.
నా వెనక వరస పాములా మెలికలు తిరిగి ఉంది.
జిప్పు లాగాను.
పెట్టె పైజేబులో అన్సెల్మో కాటా,
తిరిగివ్వడం మర్చిపోకూడదని నేనే పెట్టింది.
అన్నీ తూచాను, దాన్ని తప్ప.
దాన్ని దేనితో తూచను?

చెత్తబుట్ట పక్కనే ఉంది.
మనసొప్పలేదు, అది నాది కాదు.
నావాటిలోంచి స్వెట్టరు తీసి తొడుక్కున్నాను,
జనవరి ఎండలో, చెమటలు కారుతూ.
ఇంకో వంద గ్రాములు మిగిలాయి తెరమీద.
ఆ పిల్ల కిటికీ వైపు చూస్తూ చీటీ అంటించింది.

బెర్గెన్ వంటగదిలో మేకుకి వేలాడదీశాను కాటాని.
కొక్కేనికి ఏమీ లేదు,
ముల్లు మాత్రం నూట యాభై దగ్గర నిలబడింది.
కొట్టి చూశాను. ఊపి చూశాను. దిగదు.
పదిహేడేళ్లు అతని దగ్గరే చేపలు కొన్నాను.
ఏనాడూ ఒక చేపతల కొసరు వెయ్యని మనిషి,
ప్రతి తూకంలో ఇంత గాలి అమ్మాడన్నమాట నాకు.
వెనకాల ఒక మర ఉంది, తిప్పితే సున్నాకి వస్తుంది.
తిప్పబోయి ఆగిపోయాను.

కాటా నాతో వచ్చేసిందని, మన్నించమని
అతనికి ఉత్తరం రాశాను.
ముల్లు సంగతి రాయలేదు.

నెలకి జవాబొచ్చింది:
"పరవాలేదు, ఉంచుకో.
కొత్తది కొన్నాను.
అదీ అచ్చం అలాగే తూస్తోంది."