ఒకటో తారీఖున డెబ్భై అయిదు

ప్రతి నెలా ఒకటో తారీఖున
కరెంటు బిల్లు కంటే ముందు
డాక్టర్ ఇనెజ్ ఆర్చులెటా నా ఖాతాలోంచి
డెబ్భై అయిదు డాలర్లు తీసుకుంటుంది.
దగ్గినా అంతే, దగ్గకపోయినా అంతే.

నేను వెల్డర్ని. పేరు లైల్ రైసిగ్.
నెబ్రాస్కా పడమటి కొసన
చక్కెరదుంపల లారీలు అక్టోబరంతా
రోడ్ల మీద మట్టి రాల్చుకుంటూ పోయే చోట
వాటి విరిగిన ఇనుము అతికి బతుకుతాను.
నా నెత్తిన యజమాని లేడు.
అందుకే నా ఒంటికి పూచీపడే కంపెనీ కూడా లేదు.

ఇదివరకు డాక్టరంటే
మూడు వారాల అవతల ఒక మంగళవారం,
చేపలతొట్టి ముందు గంటసేపు,
లోపల ఏడు నిమిషాలు.
ఆయన నన్ను కాదు, తెరను చూస్తూ
నా దగ్గుని టైపు చేసుకునేవాడు.
నెలన్నరకి ఒక కవరు వచ్చేది.
జబ్బు గోరుచుట్టు. ఆ కవరు రోకటిపోటు.

ఇనెజ్ క్లినిక్ ఒకప్పుడు పూలకొట్టు.
మొదటిరోజు ఇన్సూరెన్సు కార్డు తీయబోతే
"జేబులో పెట్టుకో, ఇక్కడ చెల్లదు" అంది.
గులాబీలు దాచిన చల్లటి అరలో
ఇప్పుడు టీకాలు.
గోడ మీద ధరలు, చేత్తో రాసినవి:
థైరాయిడ్ పరీక్ష ఆరు డాలర్లు,
బీపీ మాత్రలు మూడు నెలలకి నాలుగు,
కుట్లు వేస్తే ఏమీ లేదు.
ఒక వైద్యం ఖరీదు
వైద్యానికి ముందే తెలియడం
యాభై ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

ఫిబ్రవరిలో ఓ రాత్రి పదిన్నరకి
నిప్పురవ్వ గ్లౌజులో దూరి మణికట్టు కాలితే
ఫోటో తీసి పంపాను.
"చల్లటి నీళ్ళు, ఇరవై నిమిషాలు. వెన్న రాయకు.
ఏడింటికల్లా తలుపు తీసి ఉంచుతాను."
ఆ చెయ్యి
ఎమర్జెన్సీ గది దీపాలు చూడకుండానే మానింది.

తర్వాత ఎనిమిది నెలలు నాకేమీ కాలేదు.
మనిషి బుద్ధి చూడండి,
ఏమీ కాకపోవడం నష్టంలా తోచింది.
ఆరు వందల డాలర్లు!
మానేస్తానని చెప్పడానికే వెళ్ళాను.
"సరే, ఒక సంతకం చాలు" అని
కాగితం తీసిస్తూ అడిగింది,
"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

ఆ గదిలో గడియారం లేదు.
తమ్ముడు గ్లెన్ గురించి చెప్పాను.
పోయినేడు దుంపల గుట్ట దగ్గర
తెగిపడిన గొలుసు గురించి,
దాని కొసన నేను అతికిన కొక్కెం గురించి.
విరిగింది నా అతుకు దగ్గర కాదని తేల్చారు.
అయినా తెల్లవారుజామున మూడింటికి లేచి
చీకట్లో ఆ అతుకునే తడుముకుంటున్నానని.
నలభై నిమిషాలో, గంటో.
ఆమె ఏమీ టైపు చెయ్యలేదు.
నా ఆరు వందలూ ఎక్కడ దాచి ఉంచిందో
అప్పుడు తెలిసింది.

అయితే, అన్నీ ఆమె దగ్గర దొరకవు.
తొడ ఎముక విరిగినా, కడుపులో గడ్డ లేచినా
డెబ్భై అయిదు డాలర్లు గుమ్మం దాటి రావు.
"గాలివానకి వేరే గొడుగు ఉంచుకో, చవకదైనా సరే"
అని ముందే చెప్పింది.
ఉంచుకున్నాను. దాని చిల్లులు నాకు తెలుసు.

ఇంకొకటి కూడా తెలుసు.
పాత ఆస్పత్రిలో ఆమెకి రెండువేల నాలుగు వందల మంది రోగులు.
ఇక్కడ అయిదు వందలు. ఆపైన తలుపు మూసింది.
నన్ను తీరిగ్గా వినడం కోసం
ఎవరెవరు ఏ చేపలతొట్టి ముందు కూర్చున్నారో.
నా పక్కింటి టొమాసా మోటెల్లో దుప్పట్లు ఉతుకుతుంది.
ముగ్గురు పిల్లలు.
ఆమెకి ఒకటో తారీఖున డెబ్భై అయిదు మిగలవు.
ఆ మాటే ఇనెజ్‌ని అడిగాను.
కిటికీలోంచి చాలాసేపు చూసి
"నాకూ నిద్ర పట్టదు" అంది.

సంతకం పెట్టని కాగితం
ఇంకా నా ట్రక్కులోనే ఉంది, మట్టి పట్టి.
దాని వెనకవైపు
వెల్డింగు రాడ్ల లెక్క రాసుకుంటున్నాను.
రేపు ఒకటో తారీఖు.