పదిహేడో ప్రశ్న

టమాలేలో హర్మటాన్ గాలి
ల్యాబు కీబోర్డుల మీద ఎర్రదుమ్ము పరిచిన పొద్దున
మొదటేడాది పిల్లలకి కాగితాలు పంచాను.
పదిహేడో ప్రశ్న:
ఎన్నేళ్ళుగా ఇంటర్నెట్ వాడుతున్నావు?

అక్రా కుర్రాడు క్పాక్పో తలెత్తకుండానే
పదకొండు అని రాసేశాడు.
బ్యాంకులో వాళ్ళమ్మ బల్లకింద కూర్చుని నేర్చాడట,
నడక ఎప్పుడొచ్చిందో గుర్తుండనట్టే.

వున్‌పినీ పెన్ను కొరుకుతూ ఆగింది.
"ఏళ్ళలో చెప్పలేను మేడమ్.
ఫోను అన్నయ్యది, వాడు స్నానానికి వెళ్ళినంతసేపు నాది.
రెండు సెడీల డేటా, శుక్రవారం శుక్రవారం.
అద్దం పగిలి ఎడమ మూల పలికేది కాదు,
ఆ మూల అక్షరాలు లేని మాటలే
ఏరుకుని వెతికేదాన్ని."

తర్వాత ఒక స్కాలర్‌షిప్ ప్రకటన చూపించి
నిజమో కాదో తేల్చమన్నాను.
క్పాక్పో చెయ్యి చేపపిల్ల, మొదటి పేజీలోనే చిక్కుకుంది.
ఆమె అడ్రసుని అక్షరం అక్షరం కూడబలుక్కుని
దొంగదంది.
తప్పు పేజీ తెరిస్తే డబ్బులు పోతాయి కదా, అంది.

అదే పిల్ల
ఫైలు జత చెయ్యమంటే
మౌసుని అరచేత్తో కప్పి, పిట్టని పట్టినట్టు,
కదపకుండా కూర్చుంది.
క్పాక్పో వంగి చూపించాడు.
ఆమె తెరని చూడలేదు, అతని వేళ్ళని చూసింది.

సాయంత్రం జవాబులు ఎక్కిస్తున్నాను.
పదిహేడో గడిలో ఆమె రాసింది: శుక్రవారాలు.
ఈ గడి అంకెలే తీసుకుంటుంది.
కర్సరు కొట్టుకుంటోంది,
నేనింకా ఏమీ నొక్కలేదు.