వంతెనకు ఏ పక్క గది

పార్కు సింగపూర్‌లో.
గది మాత్రం వంతెన దాటితే, జొహోర్‌లో, సగానికి సగం.
ఆఫ్రీన్ ఫోన్ ఎత్తి చూపిస్తోంది: తెల్లటి మంచాలు,
వాటి మీద హంసల్లా మడిచిన తువ్వాళ్లు.
"నాలుగు రాత్రులు నాన్నా,
ఇవతలి రెండు రాత్రుల డబ్బుకే."

కాటా మనిషిని నేను.
ఇరవై రెండేళ్లుగా గుంటూరు మిర్చి యార్డులో
తేజా బస్తా, బాడిగ బస్తా తూచి,
గోనె బరువు తీసేసి అంకె చెప్పేవాణ్ణి.
అందుకే అడిగాను,
"తరుగెంత?"

కరెంటు బిల్లు వెనక రాసింది.
పొద్దున బస్సు, రాత్రి బస్సు.
ఈ దేశం గేటు దగ్గర దిగి, ముద్ర వేయించుకుని, ఎక్కి,
ఆ దేశం గేటు దగ్గర మళ్లీ దిగి.
గంట పడుతుందట. ఒక్కోసారి మూడు,
అన్నాడు పోయినేడు వెళ్లొచ్చిన లాలాపేట బుడేసాహెబ్ బావ.
ఆయన మాటలో ఎప్పుడూ పది శాతం తేమ ఉంటుంది,
ఆరబెట్టి తూచుకోవాలి.

చిన్నాడికి ఏ దేశమైనా ఒకటే,
గది కింద ఈతకొలను ఉండాలి.
శంషాద్ ఫోన్ వైపు చూడకుండా, వెల్లుల్లి ఒలుస్తూ అంది,
"నాలుగు రోజులైనా
ఇది మనం తినొచ్చా అని ఎవర్నీ అడక్కుండా
పళ్లెం ముందు కూర్చోవాలనుంది."
అదీ బరువే.
జొహోర్ వైపు తక్కెట్లో వేశాను, ముల్లు అటే దిగింది.

ఇక నొక్కేద్దామనుకున్నాం.
గోడకానుకుని తస్బీ తిప్పుతున్న అమ్మ
ఒక పూస దగ్గర ఆగి,
"ఆ గేట్ల కాడ వేలు పెట్టమంటారంట్రా?" అంది.

ముప్పై ఏళ్లు తొడిమలు తీసిన వేళ్లు అవి.
కిలోకింతని కూలి. రాత్రి మజ్జిగ గిన్నెలో ముంచుకుని
పడుకున్నా చల్లారని వేళ్లు.
ఘాటు ముందు తోలును తిన్నది, తర్వాత గీతల్ని.
రేషన్ మిషన్ నెల నెలా ఈమెను ఎరగనంటుంది.
తడిగుడ్డతో తుడిచి, బొటనవేలు,
చూపుడువేలు, మళ్లీ బొటనవేలు,
వెనక వరస గొణుగుతుంటే
తప్పు చేసినట్టు నవ్వుతుంది.
పాస్‌పోర్టుకి బెజవాడ వెళ్లిన రోజు
కౌంటర్లో పిల్ల అన్ని వేళ్లూ నొక్కించి నొక్కించి,
చివరికి ఏ వేలు పలికిందో చెప్పకుండానే
"అయిపోయింది మామ్మా" అంది.

ఆఫ్రీన్ కరెంటు బిల్లు తిప్పి మళ్లీ లెక్క కట్టింది.
ఇవతల ఉంటే రెండు గేట్లు, దిగేప్పుడొకటి, ఎక్కేప్పుడొకటి.
అవతల ఉంటే, మూడు రోజులు తిరిగితే,
పద్దెనిమిది.

"నన్ను గదిలో వదిలేసి పోండి," అంది అమ్మ,
"కిటికీలోంచి వంతెన చూస్తా కూచుంటా.
నాకెందుకు ఆ తిరిగే చక్రాలు."
అని మనవడి చేతిలో ఫోన్ వైపు వంగి,
నీళ్లలోకి జారే పడవ బొమ్మను
వేలితో ఒక్కసారి తోసింది.
బొమ్మ కదిలింది.
ఆ అద్దం గీతలు అడగదు.

నాలుగు రాత్రులు రెండయ్యాయి.
గది ఇవతలే. కొలను లేదు,
కిటికీకి ఎదురుగా ఇంకో మేడ గోడ.
చిన్నాడు అలిగి మంచం కింద దూరాడు.
శంషాద్ ఏమీ అనలేదు,
లేచి, ఎన్ని జొన్నరొట్టెలు రెండు రోజులు నిలుస్తాయో
వేళ్ల మీద లెక్కేసుకుంటూ వంటింట్లోకి పోయింది.
ఆ తూకంలో ఆమెకి తక్కువిచ్చాను. నాకు తెలుసు.

డబ్బు కట్టే ముందు
ఫోన్ నా వేలు అడిగింది.
ఆనించానో లేదో, పలికింది.
అంత తేలిగ్గా పలికినందుకు
ఎందుకో అమ్మ వైపు చూడలేకపోయాను.

ఆమె నన్ను చూడటం లేదు.
ఆఫ్రీన్‌ని అడుగుతోంది,
ఆ పడవ మరీ తడిపేస్తుందా,
తడిపేట్టయితే
నైలాన్ చీర మేలా అని.