జిరాక్సు వెనుక

తహసీల్ ఆఫీసుకు ఎదురుంగ నా దుకాణం.
పేజీకి రెండు రూపాయలు,
రెండు దిక్కుల కొడితే మూడు.

బల్లార్షా గాలికి ఒక వాసనుంటది,
ఉడికిన వెదురు, మురిగిన కోడిగుడ్డు కలిసినట్టు.
రైలు దిగినోళ్లు ముక్కు మూసుకుంటరు.
మాకది కాగితం పుట్టే వాసన.

ఓదెలు తాత మంచిర్యాల దిక్కు నుంచి వచ్చిండు.
నలభై ఏండ్లు మిల్లు గేటు కాడ వెదురు దించిండు.
ఆయన భుజం మీది కాయ
సచ్చినంక గూడ మెత్తవడలేదని
తానం చేపిచ్చినోళ్లు చెప్పిన్రు.

మొదటిసారి పది మెమో పట్టుకొచ్చిండు పిలగాడు.
రెండోసారి రేషన్ కార్డు, తాత గేటుపాసు.
మూడోసారి అదే గేటుపాసు,
తేదీ కాడ జర నల్లగ కొట్టుమన్నడు.
"అరవై రెండు అనున్నది గద తమ్మీ,
వాళ్లు అడిగేది యాభైకి ముందటిది."
"ఎరికే అక్కా.
నల్లగ కొడితే ఏమన్న మారుతదేమోనని."

ఈ కిటికీ కాడ దాఖలా అడిగితే
మీ తెలంగాణకు పో అంటరు.
మంచిర్యాలకు పోతే
మహారాష్ట్రోనివి, ఈడెందుకొచ్చినవ్ అంటరు.
నడుమ ప్రాణహిత పారుతది,
దానికి ఏ దాఖలా అక్కెర లేదు.

మా గల్లీల మాత్రం ఎవ్వలూ ఏ కాగితం అడగలే.
కిరాయికి ఇల్లు దొరకకపోవడానికి ఇంటిపేరు చాలు.
మోరీ తియ్యాలన్నా, సచ్చిన బర్రెను గుంజాలన్నా
యాభైకి ముందుదా, తర్వాతదా అనకుంటనే
నేరుగ వచ్చి తలుపు కొడుతరు.

చెడిపోయిన కాపీలు నేను పారెయ్య.
సగం నల్లవడ్డయి, మెషిన్ల నలిగినయి,
మూలకు పెడుత.
ఓదెలు అడుక్కపోయి వెనుక రాసుకుంటడు.
ఏంది ర అంటే రాప్ అన్నడు.
మెడల గొలుసులేసుకున్నోళ్లు
కార్ల మీదెక్కి చేసేదనుకున్న నేను.

జూన్ నెల. కరెంటు పోయింది.
వరుసల పదకొండు మంది, చేతుల ఫైళ్లు, చెమట.
సూరజ్ మడావి గల్లా అద్దం మీద
రెండు వేళ్లతో కొట్టుడు షురూ జేసిండు.
పగులుతది ర అనేలోపే
ఓదెలు నోరు తెరిచిండు.

పాడలే. తిట్టలే.
పట్టాల అతుకుల మీద
బొగ్గు బండి పోయినట్టు మాట్లాడిండు:

"వెదురు మోసింది తాత, వెదురు మింగింది మిల్లు,
గుజ్జయింది, తెల్లవడ్డది, రీమయింది, లారీ ఎక్కింది,
సర్కారు బల్ల మీద దిగింది,
దాని మీద నా పేరు, నా పేరు మీద మోహరు:
నామంజూరు.
ఓపెన్ అంట నేను, ఓపెన్!
ఫీజు కాడ ఓపెన్, సీటు కాడ ఓపెన్,
కిరాయింటి తలుపు కాడ చెప్పు సారూ, ఏది ఓపెన్?
కాగితం పుట్టే ఊళ్లె పుట్టిన,
నాకు పుట్టిన కాగితం ఏది?"

తెలుగు రాని మరాఠీ ముసలమ్మ
ఓపెన్ అన్నప్పుడల్లా తల ఊపింది.
ఎందుకో నేను అడగలే.
అవతల క్లర్కు చాయ్ గిలాసతోని కిటికీలకొచ్చి
జరసేపు విన్నడు, వేలితో తాళం గూడ ఏసిండు,
లంచ్ బోర్డు తిప్పి లోపలికి పోయిండు.

కరెంటొచ్చింది.
మెషిన్ గుర్రుమని వేడెక్కింది.
మళ్ల వరుస, మళ్ల ఫైళ్లు.

ఓదెలు ఆ కాగితమే ఇచ్చిండు.
ముందు దిక్కు తాత గేటుపాసు,
వెనుక దిక్కు వాని రాత, కొట్టివేతలు, ఒక చాయ్ మరక.
"ఏ దిక్కు కొట్టాలె?"
"రెండు దిక్కుల అక్కా."

మూడు రూపాయలు తీసుకున్న.
వెలుతురుకు పట్టి చూస్తే
అవతలి నుంచి తాత మొహం
అక్షరాల నడుమకు వచ్చి కూసున్నది.
మా ఊరి కాగితమే.
జర పలుచన.