కొరివిదయ్యం, ఏడో కాగితం

కాజీపేటల ఫ్లెక్సీల దుకాణం మీది గదిల
మాకొక్కటే నియమం:
బొమ్మ గీసినోళ్ళు నోరు మూసుకోవాలె.
మిగిలినోళ్ళు మాట్లాడుడు అయినంక, చాయ్ తాగినంక,
అప్పుడు కావాలంటే కొట్లాడొచ్చు.

మొదటి కాగితం గోడకు అంటించిన.
అమ్మమ్మ చెప్పిన కొరివిదయ్యం.
కోతలైన పొలాల గట్ల మీద నిప్పు పట్టుకోని తిరిగేది,
దగ్గరికి పోతె దూరం జరిగేది,
మర్లి ఇంటికొస్తుంటె వెనుకనే వచ్చేది.
నేను దానికి కొమ్ములు పెట్టిన, కోరలు పెట్టిన,
నాలుకను నడుము దాక వేలాడదీసిన,
పాదాలు వెనుకకు తిప్పిన,
ఖాళీ మిగిలిన కాడల్లా ఒక పుర్రె.

మొగిలి చాలాసేపు చూసిండు.
"పండ్లు లెక్కబెట్టిన. నలభై ఆరు.
లెక్కబెట్టేంత తీరిక దొరికిందంటే
నాకు భయం కానట్టే గదా."

ఫర్హీన్ వంగి కింది అంచు చూసింది.
"దీని కాలు ఏడ ఆనింది?
మట్టి మీదనా, గాలిలనా?
బరువు లేనిది నన్నేం జేస్తది?"

యాకలక్ష్మి ఏమనలేదు.
చాయ్ మీది మీగడను వేలితోటి తీసి
గ్లాసు అంచుకు రాసింది.

ఆ రాత్రి ముగ్గురిని తిట్టుకున్న.
మొగిలిగానికి దయ్యాల సంగతేం తెలుసు,
పెండ్లి కార్డుల మీద వినాయకులను గీసెటోడు!
తిట్టుకుంటనే పండ్లు చెరిపేసిన.
చెరిపిన చోట కాగితం నూగు లేచింది,
బొగ్గు మరక పోనే పోలేదు.
పండ్లు ఉన్నప్పటి కన్నా
ఆ నోరు ఇప్పుడు ఆకలిగ ఉంది.
వానికి మాత్రం చెప్పలే.

మూడో కాగితానికి ఫర్హీన్ అన్నది,
"ఈ కొమ్ములు ఫోన్ల ఆటలకెల్లి వచ్చినయి.
మన దిక్కు కొమ్ములు ఇట్లుంటయా?"
నాలుగోదాంట్ల మన దిక్కు కొమ్ములు పెట్టిన.
అచ్చం పాలిచ్చే బర్రె.
కింద ఫ్లెక్సీ మిషన్ ఆగిందాక నవ్విన్రు.
నేను కూడా.

ఐదోది అంటించిన నాడు కరెంటు పోయింది.
ఫోన్ల వెలుతుర్ల చూస్తున్నరు.
యాకలక్ష్మి అప్పుడు నోరు తెరిచింది.

"మా నాయిన గ్యాంగ్‌మన్.
చలికి పట్టాలు పగుల్తయని
పెండ్యాల దిక్కు రాత్రంత లాంతరు పట్టుకోని నడిచెటోడు.
ఒకనాడు చేన్లకెల్లి రాళ్ళు పడ్డయి,
కొరివిదయ్యం, కొరివిదయ్యం అని అరుపులు.
నెత్తురు తుడుసుకుంట ఇంటికొచ్చి
చెప్పుకోని చెప్పుకోని నవ్విండు.
అవతల వాళ్ళ చేతుల్ల కూడ దీపాలే ఉండెనట."

కాసేపాగింది.
"నువ్వు మంటను గీస్తున్నవు.
పట్టుకున్న చెయ్యిని గీస్తలేవు."

ఆరో కాగితం సగంల చింపేసిన.
ఏడోదానికి పన్నెండు రాత్రులు.

మంట లేదు. కొమ్ముల్లేవు, పుర్రెల్లేవు.
కాగితమంత బొగ్గు,
నడిమిట్ల గాలికి అడ్డం పెట్టిన ఒక చెయ్యి,
వేళ్ళ సందుల ఎరుపు.
కింద గడ్డి ఒక్కదగ్గర పడుకోని ఉంది,
పాదమంత మేర.

ఫర్హీన్ గడ్డి కాడికి వంగింది,
ఏమడగకుండనే లేచింది.
మొగిలి వేళ్ళు లెక్కబెట్టుడు మొదలుపెట్టి
నాలుగు దాక పోయిండు,
ఐదు అన్నడు, ఆరు అనలేక
కిటికీ దిక్కు మర్లిండు.
చాయ్‌ల మీద మీగడ కట్టింది, ఎవరు ముట్టలేదు.

యాకలక్ష్మి గోడకు దగ్గరగ పోయి,
వెనుకకు ఒక అడుగేసి,
మెల్లగ అడిగింది:
"దీని మొఖం ఎటు దిక్కుంది?
పోతుందా, వస్తుందా?"

నాకు కూడ తెల్వదు.
నియమం ఉన్నది గదా,
నోరు మూసుకున్న.