ఎర్రగడ్డ

మా ప్రొద్దుటూరులో ఎర్రగడ్డంటే
తాలింపులోకి, సంగటి పక్కన నంజుకోడానికి.
ఈ ఊళ్లో అది తిట్టు.
ఆఫీసులో నేనూ వాడాను ఒకట్రెండుసార్లు
టీంలీడు వెనక, నవ్వుతూ.

ఉద్యోగంతో పాటే బీమా పోయింది.
కార్డు మాత్రం పర్సులోనే ఉంది,
నా పేరు మీద మెరుపు ఇంకా పోలేదు.
మాదాపూర్ అద్దాల క్లినిక్కులో
నలభై నిమిషాల మాటలకి పద్దెనిమిది వందలు.
రెండుసార్లు వెళ్లాను.
"ఇంకేమైనా చెప్పాలా" అని ఆవిడ అడిగినప్పుడు
గోడగడియారం చూసి లేదన్నాను.
అప్పుడే గొంతుదాకా వచ్చింది అసలు మాట.

తర్వాత మూడు నెలలు హాస్టల్లో
ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము చూస్తూ పడుకున్నాను.
పై మంచం జరీనా ఒక పొద్దున దుప్పటి లాగేసింది.
"లే, తల దువ్వుకో.
నీ సిగ్గు నా బ్యాగులో పెట్టు, నేను మోస్తా."

అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, ఈఎస్‌ఐ.
మెట్రో టికెట్టు మిగిల్చుకుని
మెట్రో నీడలోనే నడిచాం.
పిల్లర్ల నంబర్లు చదువుతూ వచ్చాను.
వెనక్కి వెళ్దామని మూడుసార్లు ఆగాను.
జరీనా ఏం అనలేదు, తనూ ఆగింది.

ఓపీ లైనులో ముందున్నామె
కొడుకు చొక్కా గుండీలు పెడుతూ అడిగింది:
"ఎవర్ని తోల్కొచ్చినవ్ బిడ్డా?"
నేను జరీనా వైపు చూశాను. జరీనా నావైపు.
"నన్నే," అన్నాను.
ఆమె జరిగి, బెంచీ మీద చోటిచ్చింది.

డాక్టరు చిన్నపిల్ల, నాకన్నా చిన్నది,
కళ్ల కింద నైట్ డ్యూటీ.
నిద్ర? ఆకలి?
చచ్చిపోవాలని ఎప్పుడైనా?
బయట అరవైమంది ఉన్నారు.
అయినా పెన్ను ఆపింది.
క్లినిక్కులో మింగిన మాట
ఈ విరిగిన కుర్చీలో కూర్చుని చెప్పాను.

పదిహేను రోజుల మాత్రలు, కాగితం పొట్లంలో.
మళ్లీ రావాల్సిన తేదీ చీటీ మీద
ఎర్ర సిరాతో రెండు గీతలు.

పక్కనే రైతుబజారు.
జరీనా వంకాయలు బేరమాడుతుంటే
అక్క ఫోను.
"యాడుండావే?"
"ఎర్రగడ్డలో."
"ఆఁ? కిలో ఎంత జెప్తాండారు?"

నవ్వొచ్చింది. గుర్తుపట్టలేదు మొదట,
దగ్గేమో అనుకున్నా.
"ఊరికే ఇస్తాండారక్కా.
పదైదు దినాలకి సరిపోను."

అటువైపు తాలింపు చిటపటలు.
చానాసేపు అవే.
తర్వాత
స్టవ్వు కట్టేసిన టిక్కు.