సి) ఆప్షన్

గుంటూరు పెద్దాసుపత్రి, రాత్రి డ్యూటీ గది.
పీజీల పరీక్షకి కేసు రాస్తున్నాను.
"నలభై రెండేళ్ల హమాలీ. పొట్టపైన మంట, చెమటలు.
తక్షణం మీరేం చేస్తారు?"

ఏ, బి, డి తేలిగ్గానే వచ్చాయి.
సి దగ్గర టీ చల్లారింది.
తప్పు జవాబు కూడా నమ్మేలా ఉండాలి,
అదీ నియమం.

"మిరప టిక్కీలు మోసే ఒంటికి మంట కాక
చలవ చేస్తుందా సార్?"
అని తనే నవ్వాడు బాజీ.
నేనూ నవ్వాను.
అతని చొక్కా ఘాటుకి తుమ్మాను కూడా.
ఈసీజీ మిషన్ పక్క వార్డులో ఉంది,
ఇరవై అడుగులు.

కేసులో పేర్లు రాయకూడదు.
నవ్వులు రాయకూడదు.
తుమ్ము అసలే అక్కర్లేదు.

సి) గ్యాస్ బిళ్ళ ఇచ్చి ఇంటికి పంపడం.

రేపు హాల్లో ఎవరో ఒకరు
దానికి టిక్కు పెడతారు.
వాళ్ళకి పోయేది
ఒక్క మార్కు.